బడిలో బాట్ల పోటీ పెట్టడం ఎలా: ఆట ఎంపిక నుంచి ఫైనల్ దాకా

ఈ పోటీలో పిల్లలు నేరుగా ఆడరు. వాళ్లు రాసిన ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి ఆడతాయి. ఆ ప్రోగ్రామునే బాట్ అంటున్నాం. ఆట మొదలయ్యాక రాసినవాళ్లు కీబోర్డు ముట్టుకోకూడదు. ముందే ఆలోచించి రాసిపెట్టిన పద్ధతే ఎదుటి బాట్ ముందు నిలబడాలి, లేదా ఓడిపోవాలి. ఎక్కడ ఓడిందో, ఆటలో జరిగిందంతా నమోదయ్యే లాగ్‌లో వరుసగా కనిపిస్తుంది కాబట్టి పిల్లలు దాన్ని సరిదిద్ది మళ్లీ పంపొచ్చు. ఈ పోటీ వల్ల పిల్లలకు దక్కేదంతా ఆ మళ్లీ పంపడంలోనే ఉంది. అందుకే దీన్ని ఒక్కరోజు పండగలా చేయొద్దు. అయిదారు వారాలు, వారానికో రౌండు నడపండి. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలో రాసినవే.

కావలసినవి చాలా తక్కువ. పనిచేసే కంప్యూటర్లు ఓ పది, బాట్లను ఆడించి లెక్క చూసే రిఫరీ ప్రోగ్రాము నడపడానికి ఇంకొకటి, అందరికీ చూపించడానికి ప్రొజెక్టరో, ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో గోడకు పెద్ద టచ్ తెరలా ఉండే ఐఎఫ్‌పీ ప్యానెలో ఉంటే చాలు. ఇంటర్నెట్ అక్కర్లేదు. మన విశాఖలో గాజువాక ప్రైవేటు స్కూలైనా, మధురవాడ వైపు జిల్లా పరిషత్ హైస్కూలైనా ఇంతమాత్రం సమకూరుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతులు దీనికి సరిగ్గా సరిపోతాయి. పదో తరగతి వాళ్లు వస్తామంటే వద్దనకండి, కానీ బతిమాలకండి కూడా.

భాష పైథాన్ తీసుకోండి. ల్యాబులో ఇంకా విండోస్ 7 యంత్రాలే ఉంటే పైథాన్ 3.8 వేయండి. ఆ తర్వాతి వెర్షన్లు విండోస్ 7 మీద ఎక్కవు. అన్ని కంప్యూటర్లలోనూ ఒకే వెర్షన్ ఉండాలి, రిఫరీ కంప్యూటర్లోనూ అదే ఉండాలి. లేకపోతే "మా దగ్గర ఆడింది సార్, ఇక్కడ ఆడట్లేదు" అనే మాట పోటీ అయిపోయేదాకా వినాల్సి వస్తుంది.

తేదీల మాట

జూన్ 12న బడులు తెరిచాక పుస్తకాలు, సెక్షన్లు సర్దుకునేసరికి జులై వచ్చేస్తుంది. జులై ఆఖరి వారంలో మొదలుపెట్టి సెప్టెంబరు 15న ఫైనల్ పెట్టుకోండి. ఆ రోజు మోక్షగుండం విశ్వేశ్వరయ్య జయంతి, ఇంజినీర్స్ డే. బడిలో ఎలాగూ ఏదో ఒక కార్యక్రమం ఉంటుంది, వేరే సభ కోసం అనుమతి అడగక్కర్లేదు. దసరా తర్వాతకు మాత్రం తోయకండి. అక్టోబరు, నవంబరు మనకు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్న సంగతి విశాఖలో ఎవరూ మర్చిపోలేదు. వారం వారం తెగకుండా నడవాల్సిన పనికి ఆ నెలలు పనికిరావు. సంక్రాంతి దాటితే అందరి చూపూ పరీక్షల మీదే ఉంటుంది.

ఫైనల్‌ని బడి వేళల్లోనే ముగించండి. పెందుర్తి, ఆనందపురం నుంచి వచ్చే పిల్లలకు బస్సు తప్పితే మళ్లీ ఇంటికి చేరడం కష్టం. సాయంత్రం కార్యక్రమం అంటే అలాంటి పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని, పోటీలోంచి మనమే తీసేసినట్టు.

ఏ ఆట?

సిద్ధంగా దొరికే బాట్ల ఆటలు చాలా ఉన్నాయి. ట్యాంకులు పోట్లాడుకునే రోబోకోడ్ 2001 నుంచి ఉంది, దానికి జావా కావాలి. అమెరికాలో ఎంఐటీ విద్యార్థులు ఏటా బ్యాటిల్‌కోడ్ నడుపుతారు. 2016లో హలైట్ వచ్చింది. చూడ్డానికి బాగుంటాయి. కానీ మొదటిసారి బడిలో పెట్టడానికి ఇవేవీ వద్దంటాను. నియమాలు చదవడానికే రెండు వారాలు పడుతుంది, ఈలోగా సగంమంది వెళ్లిపోతారు. మొదటి గంట ముగిసేసరికి ప్రతి జట్టు చేతిలో ఆడగలిగే బాట్ ఒకటి ఉండాలి. ఆటను ఈ ఒక్క కొలతతోనే ఎంచుకోండి.

ఆ కొలతకు సరిపోయే ఆట ఒకటి కిందిస్తున్నాను. పేరు వేట. మన ఫిషింగ్ హార్బర్ గురించి తెలిసిన పిల్లలకు నియమాలు వేరే గుర్తుపెట్టుకోవలసిన పని ఉండదు.

సముద్రంలో 100 టన్నుల చేప ఉంది. రెండు పడవలు ఉన్నాయి. రోజూ రెండు పడవలూ, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా, 0 నుంచి 10 దాకా ఒక పూర్ణ సంఖ్య చెబుతాయి. అన్ని టన్నులు వాటికి దక్కుతాయి. మిగిలిన చేప మర్నాటికి అయిదో వంతు పెరుగుతుంది, భిన్నం వస్తే వదిలేయాలి. ఎంత పెరిగినా 100 దాటదు. రెండు పడవలూ కలిపి అడిగింది సముద్రంలో ఉన్నదానికంటే ఎక్కువైతే ఆ రోజు ఎవరికీ ఏమీ రాదు, మ్యాచ్ అక్కడితో ఆగిపోతుంది. నియమాలు ఇంతే. నోటీసు బోర్డు మీద అరపేజీలో పడతాయి.

ఇద్దరూ రోజుకు ఎనిమిదేసి పడితే 84 మిగులుతుంది, అందులో అయిదో వంతు 16, మళ్లీ నిండు 100. ఇలా ఎన్నాళ్లయినా సాగుతుంది. ఇద్దరూ తొమ్మిదేసి పడితే మొదటి రోజు తేడా తెలియదు, సముద్రం 98 దగ్గరే ఉంటుంది. తర్వాత 96, 93, 90. పదో రోజుకు 50. పదమూడో రోజుకు 7. పద్నాలుగో రోజు మ్యాచ్ అయిపోతుంది. ఒక్క టన్ను తేడాతో ఇంత జరగడం చూసి పిల్లలు మొదట నమ్మరు. నమ్మేదాకా లెక్క వాళ్లచేతే వేయించండి.

మొదటి వారం: చింతపిక్కలు, కాగితం

మొదటి రోజు ల్యాబ్ తాళం తీయకండి. ఒక్కో బల్ల మీద గిన్నెలో 100 చింతపిక్కలు పోయండి. ఇద్దరు ఆటగాళ్లు, మూడో మనిషి రిఫరీ. ఆటగాళ్లు కాగితం మీద సంఖ్య రాసి బోర్లించాలి, రిఫరీ రెండూ ఒకేసారి తిప్పి పిక్కలు పంచాలి, మిగిలినవి లెక్కపెట్టి అయిదో వంతు కలపాలి. అరగంటలో రెండు మూడు ఆటలు అవుతాయి. ఎవరో ఒకరు పదీ పదీ అని లాగేస్తారు, ఎవరో ఒకరు అలుగుతారు. అలగనివ్వండి. తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "రేపు నువ్వు రాకపోతే నీ బదులు ఆడేవాడికి ఏం చెప్పి వెళ్తావు?" ఆ జవాబును తెలుగులో, పూర్తి వాక్యాలుగా, కాగితం మీద రాయించండి. "మొదటి రోజు 8 అడుగు. ఎదుటివాడు నిన్న 8 దాటితే ఇవాళ 10 అడుగు. సముద్రం 60 కంటే తగ్గితే రెండు రోజులు ఆగు." ఇలా రాయగలిగిన పిల్ల సగం ప్రోగ్రాము రాసేసినట్టే. రెండో రోజు ల్యాబులో ఆ వాక్యాలనే పైథాన్‌లోకి మార్చుకుంటుంది.

పైథాన్ 3లో చలరాశుల పేర్లు, ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. ఇఫ్, రిటర్న్ లాంటివి ఇంగ్లిషులోనే ఉండాలి గానీ వేట, సముద్రం, నావి, ఎదుటివి అని మన పేర్లు హాయిగా నడుస్తాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఇది పెద్ద ఊరట. ఒక్క జాగ్రత్త తీసుకోండి. పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా మనం టైపు చేసే కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంది. అది పేరులో ఉంటే పైథాన్ తప్పు చూపిస్తుంది, ఎంత వెతికినా కారణం కనబడదు. అలాంటి గుర్తు అవసరం లేని సాదా పేర్లే పెట్టించండి.

జట్టుకు ఇద్దరు. ముగ్గురైతే ఒకరు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. పావుగంటకోసారి కీబోర్డు చేతులు మారాలి. గంట మీరే కొట్టండి.

మార్కులు ఎలా వేస్తే పిల్లలు అలా ఆడతారు

మీరు అన్నిటికంటే ఎక్కువసేపు ఆలోచించాల్సిన చోటు ఇదే. మ్యాచ్ ఎవరు గెలిచారు అన్నది లెక్కపెడతారా, మొత్తం ఎన్ని టన్నులు పట్టారు అన్నది లెక్కపెడతారా?

మూడు బాట్లు తీసుకుందాం. మొదటిది రోజూ 10 అడుగుతుంది, దాన్ని ఆశపోతు అందాం. రెండోది రోజూ 8 అడుగుతుంది, అది నిలకడ. మూడోది మొదటి రోజు 8 అడిగి, ఆ తర్వాత ఎదుటి బాట్ నిన్న ఏం అడిగిందో ఇవాళ అదే అడుగుతుంది, అది అద్దం. మ్యాచ్ 100 రోజులు. ఆశపోతుకీ నిలకడకీ పెడితే 13 రోజుల్లో సముద్రం అయిపోతుంది. ఆశపోతుకి 130, నిలకడకి 104. ఆశపోతుకీ అద్దానికీ పెడితే తొమ్మిది రోజులకే అయిపోతుంది. 90, 88. రెండు మ్యాచ్‌లూ ఆశపోతే గెలిచింది. తన నకలుతో ఆడితే చెరి 90. అంటే ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఇటు నిలకడ, అద్దం కలిస్తే చెరి 800. వాటి నకళ్లతో ఆడినా 800. మొత్తం పట్టిన చేప కలపండి: నిలకడకి 1704, అద్దానికి 1688, ఆశపోతుకి 310. ఏ మ్యాచ్‌లోనూ ఓడని బాట్ ఆఖరి స్థానంలో ఉంది.

గెలుపులు లెక్కపెట్టి ఉంటే ఆశపోతే ఛాంపియన్. పిల్లలందరూ మర్నాడు రోజుకు పది అడిగే బాట్లు తెచ్చేవాళ్లు, రెండో వారానికి పోటీలో ఆలోచించడానికి ఏమీ మిగిలేది కాదు. అందుకే మొత్తం పట్టునే లెక్కపెట్టండి. ఈ నిర్ణయాన్ని మొదటి రోజే పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. మధ్యలో మాత్రం మార్చకండి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయ రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ 1980 ప్రాంతంలో ఇలాంటి కంప్యూటర్ పోటీయే పెట్టాడు. ఆ ఆటలో ప్రతిసారీ ఎదుటివాళ్లతో సహకరించాలా, ద్రోహం చేయాలా అన్నది ఎంచుకోవాలి. పండితులు 14 ప్రోగ్రాములు పంపారు. ఒక్కో జోడీ 200 సార్లు ఆడింది. అనటోల్ రాపోపోర్ట్ పంపిన అతి చిన్న ప్రోగ్రాము గెలిచింది. అది చేసేదల్లా మొదట సహకరించడం, తర్వాత ఎదుటివాళ్లు నిన్న చేసిందే ఇవాళ చేయడం. మన అద్దం బాట్ దాని నుంచి తెచ్చుకున్నదే. విడివిడి మ్యాచ్‌లలో అది ఎదుటివాళ్లకంటే ఒక్క పాయింటు కూడా ఎక్కువ తెచ్చుకోలేదు, ఆ పద్ధతితో తెచ్చుకోవడం సాధ్యమే కాదు. అయినా మొత్తంలో మొదటి స్థానం దానిదే. ఫలితాలు అందరికీ చెప్పి రెండోసారి పెడితే 62 ప్రోగ్రాములు వచ్చాయి, మళ్లీ అదే గెలిచింది. ఈ కథ పిల్లలకు తప్పకుండా చెప్పండి, కానీ రెండో రౌండు అయ్యాకే చెప్పండి. ముందే చెబితే అందరూ అద్దాన్నే దించేస్తారు.

ఆటలో ఇంకో మెలిక ఉంది. మొదటి రోజు 8 అడిగి, తర్వాత ఎదుటి బాట్ నిన్న ఎంత అడిగిందో చూసి, 16లోంచి అది తీసేసి, మిగిలింది తాను అడిగే బాట్ ఎవరో ఒకరు తెస్తారు. దాన్ని సర్దుబాటు అందాం. ఆశపోతు ఎదురైతే అది ఆరుకి దిగిపోతుంది, సముద్రం 98 దగ్గర నిలబడిపోతుంది. వంద రోజులకు ఆశపోతుకి 1000, సర్దుబాటుకి 602. తగ్గినా 104 కంటే 602 ఎక్కువే కదా! పై మూడింటితో దీన్ని కలిపి ఆడిస్తే 3002తో ఇదే మొదటిది. కానీ తరగతిలో పదిమంది దీన్నే తెస్తే ఆశపోతుకి పది మ్యాచ్‌లలో వెయ్యేసి చొప్పున వచ్చి పడతాయి, ఆశపోతే పైకి లేస్తుంది. ఏ బాట్ మంచిదన్నది గదిలో మిగతా బాట్లను బట్టి మారుతుంటుంది. పిల్లలకు ఇది ఉపన్యాసంగా చెబితే ఎక్కదు. మూడో రౌండులో ఫలితాల పట్టిక తలకిందులైనప్పుడు దానంతటదే అర్థమవుతుంది, అప్పుడు తరగతిలో జరిగే వాదనను ఆపకండి.

మ్యాచ్ సరిగ్గా ఎన్ని రోజులో ముందే తెలిస్తే ఆఖరి రోజు అందరూ పది అడుగుతారు, అది తెలిసి అంతకుముందు రోజు కూడా పదే అడుగుతారు, అలా వెనక్కి పాకుతుంది. కాబట్టి రోజుల సంఖ్య దాచిపెట్టాలి. 80 నుంచి 120 దాకా చీటీలు రాసి డబ్బాలో వేయండి. బాట్లన్నీ మీ చేతికి వచ్చాక అందరి ముందూ ఒక చిన్న తరగతి పిల్లచేత అయిదు చీటీలు తీయించండి. ప్రతి జోడీ ఆ అయిదు నిడివులతోనే అయిదు మ్యాచ్‌లు ఆడాలి. అప్పుడు ఎవరికీ ఎక్కువ రోజులు దొరికాయన్న మాట రాదు. 20 జట్లుంటే జోడీలు 190. నకలుతో ఆడేవి కలిపితే 210, అయిదేసి మ్యాచ్‌లంటే 1050. పాత కంప్యూటర్ అయినా కాసేపట్లో ముగించేస్తుంది.

రిఫరీ ప్రోగ్రాము

ఇది మీరు రాయాలి, లేదా ఇంటర్ చదివే పాత విద్యార్థిచేత రాయించాలి. ఆట చిన్నదే కాబట్టి వంద వరుసల్లో అయిపోతుంది. కష్టమంతా బాట్ల తప్పుల్ని తట్టుకోవడంలో ఉంది.

ప్రతి బాట్ ఒక ఫైలు. అందులో వేట అనే ఒకే ఫంక్షన్. దానికి మూడు విషయాలు అందుతాయి: సముద్రంలో ఇప్పుడున్న చేప, ఇన్నాళ్లూ తాను అడిగిన సంఖ్యల జాబితా, ఎదుటి బాట్ అడిగిన సంఖ్యల జాబితా. అది తిరిగి ఇవ్వాల్సింది ఒక్క సంఖ్య. ఆ జాబితాలను బాట్‌కి ఇచ్చేటప్పుడు నకలు తీసి ఇవ్వండి. అసలు జాబితానే ఇస్తే బాట్ దాన్ని మార్చేయగలదు, రిఫరీ దగ్గరున్న చరిత్రే మారిపోతుంది. చురుకైన పిల్లలు దీన్ని కనిపెట్టడానికి ఎక్కువ కాలం పట్టదు.

వచ్చిన జవాబు పూర్ణ సంఖ్యేనా, 0 నుంచి 10 మధ్యే ఉందా అని చూడండి. కోట్స్‌లో పెట్టిన 8, ఏడున్నర, మైనస్ రెండు, రిటర్న్ రాయడం మర్చిపోతే వచ్చే నన్ అనే విలువ, ఇవన్నీ మొదటి రౌండులో వస్తాయి. అలా వస్తే ఆ రోజుకు సున్నా వేసి, ఏ బాట్ ఏ రోజు ఏం ఇచ్చిందో లాగ్‌లో రాయండి. ప్రోగ్రాము మధ్యలో పగిలిపోయినా అంతే, సున్నా వేసి ఆ తప్పు సందేశాన్ని యథాతథంగా రాసుకోండి. పిల్లలకు చూపించాల్సింది ఆ సందేశాన్నే.

అనంత లూప్ వేరే రకం. వైల్ రాసి బయటికొచ్చే దారి మర్చిపోయిన బాట్ ఒక్కటి ఉన్నా పోటీ మొత్తం అక్కడే ఆగిపోతుంది. పైథాన్‌లో థ్రెడ్‌ను బయటినుంచి చంపలేం. కాబట్టి ప్రతి మ్యాచ్‌నూ వేరే ప్రాసెస్‌గా నడిపి, పది సెకన్లు దాటితే ఆ ప్రాసెస్‌ను ఆపేయండి. ప్రతి పిలుపుకు ముందు "ఇప్పుడు ఫలానా బాట్ వంతు" అని లాగ్‌లో రాయించి, వెంటనే డిస్కు మీదకు చేర్పించండి. ఎవరి దగ్గర ఆగిందో అప్పుడే తెలుస్తుంది. ఆగిన బాట్‌కి ఆ మ్యాచ్‌లో సున్నా. ఎదుటి బాట్ తప్పేమీ లేదు కాబట్టి దానికి ఆ మ్యాచ్ బదులు మీ నిలకడ బాట్‌తో ఆట పెట్టండి. వేరే ప్రాసెస్‌లో ఇంకో లాభం ఉంది: ఒక మ్యాచ్‌లో దాచుకున్న విలువలు ఇంకో మ్యాచ్‌లోకి రావు.

ర్యాండమ్, మ్యాథ్ తప్ప వేరే మాడ్యూళ్లు ఇంపోర్ట్ చేయకూడదు, ఫైళ్లు తెరవకూడదు అని నియమం పెట్టండి. ప్రతి ఫైలునూ నడిపే ముందు మీరు కళ్లతో చదవండి. ఇరవై చిన్న ఫైళ్లు చదవడానికి ఒక టీ తాగేంత సమయం చాలు.

ఫలితాల పట్టికలో జట్ల పేర్లు తెలుగులో ఉంటే ఎక్సెల్‌లో పిచ్చిగీతలుగా కనబడే ఇబ్బంది ఒకటి వస్తుంది. ఫైలు రాసేటప్పుడు ఎన్‌కోడింగ్‌ని యూటీఎఫ్-8-సిగ్ అని ఇస్తే సరిగ్గా తెరుచుకుంటుంది. బాట్లను పెన్‌డ్రైవుల్లో తీసుకుంటే వైరస్‌లు కూడా వస్తాయి. ల్యాబులో నెట్‌వర్క్ ఉంటే ఒక షేర్డ్ ఫోల్డరు పెట్టండి. ఫైలు పేరు రోల్ నంబరే ఉండాలి.

వారం వారం

సోమవారం ఫలితాలు, గురువారం లోపు సరిదిద్దిన బాట్లు, శనివారం మధ్యాహ్నం ల్యాబులో రౌండు. ఈ లయ తప్పకూడదు. ఫలితాలతో పాటు ప్రతి జట్టుకూ వాళ్ల బాట్ దారుణంగా ఓడిన రెండు మ్యాచ్‌ల లాగ్ ప్రింటు తీసి ఇవ్వండి. రోజు, సముద్రం, నేను, ఎదుటివాళ్లు అని నాలుగు నిలువు వరసలు చాలు. పెన్సిల్ పట్టుకుని "ఇక్కడ, ఏడో రోజు, ఇక్కడే మనం తప్పాం" అని ఇద్దరు పిల్లలు గీత గీసుకునే క్షణం కోసమే కదా ఇదంతా చేస్తున్నది. కాగితం ఖర్చుకు వెనకాడకండి.

లాగ్‌లు అందరివీ అందరికీ చూపించండి. కోడ్ మాత్రం ఫైనల్ దాకా ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి. ఎదుటి బాట్ నడవడిక చూసి దాని లోపలి పద్ధతిని ఊహించడం మంచి కసరత్తు.

మొదటి రౌండు మార్కులు ఆఖరి లెక్కలో కలపకండి. అది తప్పులు బయటపడటానికి మాత్రమే. మీ ఆశపోతు, నిలకడ, అద్దం, ఏదో ఒక సంఖ్య చెప్పే యాదృచ్ఛిక బాట్ కూడా ప్రతి రౌండులోనూ ఆడాలి. వాటి కోడ్ పిల్లలకు ఇచ్చేయండి, ఇంట్లోనో ల్యాబులోనో వాటితో పరీక్షించుకుంటారు. యాదృచ్ఛిక బాట్ కంటే కిందున్న జట్టు దగ్గర మీరు స్వయంగా కూర్చోండి. అక్కడ తెలివి లోపం ఉండదు, ఎక్కడో ఒక కోలన్ లేదా ఇండెంట్ తప్పి ఉంటుంది.

స్నేహితులు కూడబలుక్కోవడం కూడా జరుగుతుంది. మొదటి మూడు రోజులు 3, 7, 1 అని అడిగి ఒకరినొకరు గుర్తుపట్టి, తర్వాత ఒకరు సున్నాకి దిగి ఇంకొకరిని గెలిపిస్తారు. 2004లో ఆక్సెల్‌రాడ్ పోటీని మళ్లీ జరిపినప్పుడు సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ బృందం సరిగ్గా ఇదే చేసింది. 60 ప్రోగ్రాములు పంపి, వాటిని ఒకదానికొకటి గుర్తుపట్టేలా రాసి, మొదటి మూడు స్థానాలూ తీసుకుంది. జట్టుకు ఒకే బాట్ అన్న నియమం సగం మందు. మిగతా సగానికి, కూడబలుక్కోవచ్చో లేదో మొదటి రోజే పిల్లలచేత ఓటు వేయించండి. వాళ్లు పెట్టుకున్న నియమాన్ని వాళ్లే కాపలా కాస్తారు. దొరికిన తర్వాత అప్పటికప్పుడు నియమం పుట్టించడం మాత్రం అన్యాయం.

చాట్‌బాట్‌ను అడిగి కోడ్ తెచ్చేవాళ్ల సంగతి. దీన్ని పోలీసు పనిగా చేయకండి. ఫైనల్‌కి వచ్చిన ప్రతి జట్టులోనూ ఇద్దరినీ బోర్డు దగ్గరికి పిలిచి రెండు ప్రశ్నలు అడగండి. "ఎదుటి బాట్ వరుసగా మూడు రోజులు 10 అడిగితే మీది ఏం చేస్తుంది? సముద్రం 30కి పడిపోతే?" చెప్పిన జవాబుకూ లాగ్‌కూ పొంతన ఉంటే చాలు. ఈ ప్రశ్నలు అడుగుతామని మొదటి రోజే చెప్పండి. ఎక్కడినుంచి తెచ్చినా అర్థం చేసుకుని తెస్తారు.

ఫైనల్ రోజు

అంతవరకూ వచ్చిన మొత్తాల్లో మొదటి ఎనిమిది జట్లను ఫైనల్‌కి తీసుకుని, మిగతా జట్లకు పనులు అప్పగించండి. ఇద్దరు వ్యాఖ్యాతలు, ఒకరు బోర్డు మీద పట్టిక రాసేవాళ్లు, ఒకరు చీటీల డబ్బా చూసేవాళ్లు. ఖాళీగా కూర్చున్న పిల్ల ఉండకూడదు.

కంప్యూటర్ రెప్పపాటులో ముగించేస్తే చూసేవాళ్లకు ఏమీ మిగలదు. లాగ్‌ను నెమ్మదిగా, రోజుకు ఒక సెకను చొప్పున తెర మీద ఆడించే చిన్న ప్రోగ్రాము రాయండి. సముద్రం ఎంతుందో నీలం పట్టీగా, రెండు పడవల పట్టు రెండు రంగుల్లో చూపితే చాలు. అన్ని మ్యాచ్‌లూ చూపించక్కర్లేదు, సముద్రం ఎండిపోయినవి రెండు, కిందామీదా పడి తేరుకున్నవి రెండు మీరే ఏరి పెట్టుకోండి. వ్యాఖ్యానం తెలుగులో, పిల్లలచేతే చెప్పించండి. క్రికెట్ వ్యాఖ్యానం వింటూ పెరిగిన పిల్లలు, నేర్పక్కర్లేదు.

ఫలితాలు చెప్పే ముందు పావుగంట వేరే మనిషికి ఇవ్వండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. పెదజాలారిపేటలోనో హార్బర్లోనో వేటకు వెళ్లే పెద్దాయన్ని, వీలైతే బడిలో చదివే పిల్లల తండ్రినో తాతనో, పిలిచి ఆ రెండు నెలలు ఇల్లెలా గడుస్తుందో, జూన్ 15న వలలో ఏం పడుతుందో చెప్పమనండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా మన ఊళ్లోనే ఉంది, శాస్త్రవేత్తను పిలవాలంటే దూరం వెళ్లక్కర్లేదు. సముద్రం 50కి పడ్డాక ఇద్దరూ వేట ఆపితే 60, 72, 86, నాలుగో రోజుకు మళ్లీ 100 అని లాగ్‌లో చూసిన పిల్లలు ఆయన్ని అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. వచ్చినాయన్ని చివరి వరసలో కూర్చోబెట్టకండి, హెడ్మాస్టర్ పక్కన కుర్చీ వేయండి.

బహుమతులు పుస్తకాలు చాలు. మొదటి స్థానానికి ఒకటి, అతి తక్కువ వరుసల్లో రాసి మంచి స్థానం తెచ్చుకున్న బాట్‌కి ఒకటి, మొదటి రౌండు నుంచి ఫైనల్‌కి ఎక్కువ స్థానాలు ఎగబాకిన జట్టుకి ఒకటి. ఈ మూడోదే నాకు అన్నిటికంటే ముఖ్యం. ఇచ్చేటప్పుడు దాన్నే చివర్లో, అందరూ చూస్తుండగా ఇవ్వండి.

వచ్చే ఏడాదికి

అదే పిల్లలు మళ్లీ వస్తారు కాబట్టి ఆట మార్చాలి. పులి-మేక మంచి ఎంపిక: మూడు పులులు, పదిహేను మేకలు, ఎవరి వంతుకు వాళ్లు ఎత్తు వేయాలి. రిఫరీ ప్రోగ్రాము కాస్త పెద్దదవుతుంది, ఎందుకంటే ఏ గడినుంచి ఏ గడికి దారుందో, ఏ పులి ఏ మేక మీదుగా దూకొచ్చో అన్నీ పట్టికగా రాయాలి. పులి వైపు ఆడే బాట్, మేక వైపు ఆడే బాట్ వేర్వేరుగా రాయాలి కాబట్టి ప్రతి జోడీ వైపులు మార్చుకుని రెండుసార్లు ఆడాలి. అంతకంటే తేలిక కావాలంటే వామనగుంటలు పెట్టుకోండి, పద్నాలుగు గుంటలూ పద్నాలుగు సంఖ్యల జాబితాగా సరిపోతాయి. ఇంటింటికీ నియమాలు మారుతుంటాయి కాబట్టి అమ్మమ్మలను అడిగి రమ్మని, ఏ పద్ధతిలో ఆడాలో ముందే తేల్చి రాసుకోవాలి.

ఫైనల్ అయిన రోజే అన్ని బాట్లూ, లాగ్‌లూ, రిఫరీ ప్రోగ్రామూ ఒక ఫోల్డరులో పెట్టి, సంవత్సరం పేరు వేసి, రెండు చోట్ల దాచండి. ఒక నకలు బడి బయట ఉండాలి. వేట ఆటను కొత్త ఎనిమిదో తరగతికి పెట్టినప్పుడు పాత బాట్లను కూడా పోటీలోకి దించండి. తొమ్మిదిలోకి వెళ్లిన అక్కల బాట్‌ను ఓడించాలని చెప్పి చూడండి, శనివారం ల్యాబ్ తాళం మీకంటే ముందు పిల్లలే అడుగుతారు.